రొయ్యల గుంట గట్టు దాకా వెళ్లిన క్లాసు: మూడుల్ మీద నా రివ్యూ

కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో ఆక్వాకల్చర్ చెబుతాను. ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌ని వరసగా రెండు బ్యాచ్‌లకి వాడాక ఈ రివ్యూ రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, నాకు బాగా నచ్చింది. మనలాంటి చిన్న ఊళ్ల కాలేజీల్లో ఆన్‌లైన్‌లో పాఠం చెప్పాలనుకునే లెక్చరర్లు ఒక్కసారైనా దీన్ని వాడి చూడాలి. ఎందుకు నచ్చిందో అర్థం కావాలంటే ముందు మా పిల్లల సంగతి చెప్పాలి.

మా క్లాసులో సగం మంది ఇళ్లకి రొయ్యల గుంటలతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. జువ్వలదిన్నె, తుమ్మలపెంట, బోగోలు, అల్లూరు వైపు నుంచి వస్తారు. కొందరికి సొంత గుంటలు. ఎక్కువ మంది నాన్నలు కౌలుకి చేస్తారు. ఇంకొందరి నాన్నలు రాత్రిళ్లు కాపలా ఉంటారు. మేత, సీడు, చెక్ ట్రే, కౌంటు లాంటి మాటలు వీళ్లు పుస్తకం చూసి నేర్చుకోనక్కర్లేదు, ఇంట్లో అన్నం తింటూ విన్నవే. పుస్తకంలో ఉన్నదీ ఇంట్లో విన్నదీ ఒకటేనని వాళ్లకి తెలియజెప్పడమే నా పని.

మన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త డిగ్రీ పద్ధతి వచ్చాక పిల్లలకి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. అందులో ఒక సెమిస్టర్ పూర్తిగా కాలేజీ బయటే. మావాళ్లు హేచరీలకి (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట్లు), మేత ఫ్యాక్టరీలకి, గుంటల మీదికి వెళ్లిపోతారు. మోటారు షెడ్లలో పడుకుంటారు. ఆ కొన్ని నెలలూ కాలేజీకీ వాళ్లకీ మధ్య ఉండేది ఒక రికార్డు పుస్తకం, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. అసలు చదువు కళ్ల ముందు జరిగే సమయంలో మాస్టారు పక్కన లేకపోవడం నాకు చాలా బాధగా ఉండేది. నీళ్ల రంగు మారింది, ఎందుకు మేడమ్ అని ఒకడు అడిగితే, ఆ ప్రశ్న గుడ్ మార్నింగ్ మెసేజిల కింద ఎక్కడో కూరుకుపోయేది. రెండు రోజుల తర్వాత చూసి నేను జవాబిచ్చేసరికి ఆ రంగు మళ్లీ మారిపోయి ఉండేది.

మూడుల్‌కి ముందు రెండు ప్రయత్నాలు చేశాను. రెండూ నిలవలేదు. మొదటిది 2020 లాక్‌డౌన్‌లో. అందరిలాగే నేనూ ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, నలభై అయిదు నిమిషాల పాఠాన్ని అలాగే కెమెరా ముందు చెప్పాను. ఆ మార్చి చివర్లోనే అమెరికాలో కొందరు విద్యావేత్తలు దీని గురించి ఒక వ్యాసం రాశారు. ఆపదలో హడావిడిగా క్లాసుని తెర మీదికి మార్చేది అత్యవసర దూరబోధన, దాన్ని ఆన్‌లైన్ విద్య అనొద్దు అన్నారు. పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటి తయారుచేయడానికి మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని అందులో రాశారు. నేను అది చాలా ఆలస్యంగా చదివాను. చదివాక మనసు తేలికపడింది. పిల్లలు కెమెరాలు ఆపేసి నిద్రపోయారని అన్నాళ్లూ వాళ్లనీ, నన్నూ తప్పుపట్టుకున్నాను.

రెండో ప్రయత్నం ఒక ప్రైవేటు కంపెనీ యాప్. కంపెనీ పేరు రాయను. విద్యార్థికి ఇంతని ఏడాదికి డబ్బు కట్టి కాలేజీవాళ్లు తీసుకున్నారు. చూడటానికి అందంగా ఉండేది, హాజరు దానంతట అదే పడేది. ప్రిన్సిపాల్ గారికి నెలనెలా రంగురంగుల రిపోర్టు వచ్చేది. నేను రెండు వందల పైచిలుకు ప్రశ్నలు కూర్చుని టైప్ చేశాను. ఇంగ్లీషులో ఒకసారి, కింద తెలుగులో ఒకసారి. ఎందుకంటే మా పిల్లల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. తర్వాతి ఏడాది ఒప్పందం పొడిగించలేదు. ఒక ఉదయం లాగిన్ కొడితే ఖాతా లేదన్నది. ఆ ప్రశ్నలు బయటికి తీసుకునే దారి యాప్‌లో లేదు. ఫోన్ చేస్తే, మళ్లీ చేరితే కనిపిస్తాయి మేడమ్ అన్నారు. ఆ రోజు స్టాఫ్ రూంలో కూర్చుని ఏడ్చాను. రెండు వేసవి సెలవుల పని అది.

అందుకే మూడుల్ గురించి విన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, నా పాఠాలు నా దగ్గరే ఉంటాయా అని. ఉంటాయి. ఇది ఓపెన్ సోర్స్. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టనక్కర్లేదు. మన సర్వర్‌లో మనమే పెట్టుకోవచ్చు. కోర్సు మొత్తాన్ని ఒకే ఫైలుగా బ్యాకప్ తీసుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. ఇంకో కాలేజీ మూడుల్‌లో ఆ ఫైలు ఎక్కిస్తే కోర్సు అక్కడ తెరుచుకుంటుంది. ప్రశ్నల్ని విడిగా కూడా తీసుకోవచ్చు.

దీన్ని మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకి చెందిన మార్టిన్ డూగియామస్. మొదటి పూర్తి వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. ఆయన చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో, బడి లేని మారుమూల చోట పెరిగారు. పాఠాలు షార్ట్‌వేవ్ రేడియోలో వినేవారట. ఆ సంగతి తెలిశాక ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు ఇంకొంచెం అభిమానం కలిగింది. దూరాన ఉన్న పిల్లవాడు ఎలా చదువుకుంటాడో ఆయన స్వయంగా అనుభవించారు.

ఇక వాడకం. మూడుల్‌లో కొత్త కోర్సు తెరిస్తే వారాల వరస కనిపిస్తుంది. మొదటి వారం, రెండో వారం, ఇలా ఖాళీ గదులు. ఒక్కో గదిలో మనం ఏదో ఒకటి పెట్టాలి. ఫైలు పెట్టొచ్చు, వీడియో లింకు పెట్టొచ్చు. లేదంటే పిల్లలు చేయాల్సిన పని పెట్టొచ్చు. చర్చ, క్విజ్, అసైన్‌మెంట్, ఒకరి పని ఒకరు దిద్దుకునే వర్క్‌షాప్ లాంటివి చాలా ఉన్నాయి. నేను మొదటిసారి ఆ గదులన్నీ పీడీఎఫ్‌లతో నింపేశాను. నింపాక చూసుకుంటే, పిల్లవాడు ఈ వారం చేసేదేమిటి అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. చదువుతాడు, అంతే.

అన్నీ తీసేశాను. పిల్లల ప్రాజెక్టుల కోసం తెచ్చిన చార్టు ఒకటి గోడకి అంటించి, పెన్సిల్‌తో నాలుగు నిలువు గీతలు గీశాను. ఈ వారం ఆఖరికి పిల్లవాడికి ఏం చేయడం రావాలి? వచ్చిందని నాకెలా తెలుస్తుంది? అందుకు వాడు గుంట దగ్గర ఏం చేయాలి? ఆ పనికి నా వైపు నుంచి ఏం కావాలి? ఈ వరసలోనే రాసుకున్నాను. వీడియో, నోట్సు ఆఖరి గడిలోకి వెళ్లిపోయాయి. ఇంతకుముందు నేను అక్కడే మొదలుపెట్టేదాన్ని. కోర్స్ అవుట్‌కమ్స్ అని సిలబస్ మొదటి పేజీలో ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం. అవి పని చేయించే వాక్యాలని నాకు ఆ చార్టు ముందు నిలబడ్డప్పుడే అర్థమైంది. నీళ్ల పరీక్షల మీద ఎనిమిది వారాల కోర్సు అది, ఆ ప్లానుకి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి. అందులో కంప్యూటర్ ముందు కూర్చున్నది చివరి రెండు వారాలే.

మూడో వారం సంగతి వివరంగా చెబుతాను. మిగతావన్నీ దాని మీద నుంచి దిద్దుకున్నవే.

విషయం నీళ్లలో కరిగిన ఆక్సిజన్. పగలు నీళ్లలోని నాచు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అది ఆగిపోతుంది. నాచు, రొయ్యలు, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారబోయే ముందు అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. గుంటల మీద ఉండేవాళ్లకి ఇది ఒంటికి తెలిసిన సంగతి. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. క్లాసులో దీన్ని బోర్డు మీద గ్రాఫు గీసి పదిహేను నిమిషాల్లో చెప్పేసేదాన్ని. పరీక్షలో పిల్లలు ఆ గ్రాఫుని అలాగే గీసేవారు.

ఇప్పుడు మూడో వారం గదిలో నాలుగే వస్తువులున్నాయి. మొదటిది నాలుగు నిమిషాల వీడియో. పాఠం చెప్పడం అందులో లేదు. శాంపిల్ సీసా ఎలా నింపాలో చూపిస్తుంది, అంతే. సీసాని నీళ్లలో ఏటవాలుగా ముంచాలి. నీళ్లు అంచు వెంబడి నెమ్మదిగా లోపలికి రావాలి. మూత కూడా నీళ్లలోనే పెట్టాలి. బయటికి తీశాక తిరగేసి చూడాలి. కంది గింజంత గాలి బుడగ కనిపించినా పారబోసి మళ్లీ నింపాలి, ఎందుకంటే ఆ బుడగలోని ఆక్సిజన్ నీళ్లలోకి కలిసి లెక్క తప్పిపోతుంది. మా ల్యాబ్ అసిస్టెంట్ చేతులు దగ్గరగా కనిపించేలా ఫోన్‌తోనే తీశాం. ఆయన పాతికేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి. మూత పెట్టే ముందు సీసా మెడని బొటనవేలితో ఒకసారి తడతాడు, మెడకి అంటుకున్న చిన్న బుడగలు లేచిపోవడానికి. ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు ఆ సంగతి. వీడియోలో పడింది. ఆ తర్వాత పిల్లలు పంపిన వీడియోల్లో చూస్తే అందరూ సీసా మెడని తడుతున్నారు.

రెండోది ఒక పేజీ నోట్సు. మూడోది అసైన్‌మెంట్: మీరున్న చోట సాయంత్రం నాలుగింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి ఆక్సిజన్ కొలవండి. కిట్టుతో కొలిచినా సరే, మీటరుతో కొలిచినా సరే. ఫోటో తీసి పెట్టండి. నాలుగోది చర్చ. ఈ చర్చ గురించే నేను మూడుల్‌కి చేతులెత్తి దండం పెడతాను.

మూడుల్ చర్చల్లో ప్రశ్న, జవాబు అనే రకం ఒకటుంది. మాస్టారు ప్రశ్న వేస్తారు. పిల్లవాడు తన జవాబు రాసి పంపేదాకా మిగతావాళ్ల జవాబులు వాడికి కనిపించవు. పంపాక కూడా దిద్దుకునే గడువు దాటాకే కనిపిస్తాయి. మామూలుగా అది అరగంట. వాట్సాప్‌లో ఇదే ప్రశ్న వేస్తే మొదటివాడు రాసిన అంకెకి అటూ ఇటూగా ముప్పై అంకెలు వచ్చేవి. నాకు తెలుసు, వచ్చాయి.

నేను వేసిన ప్రశ్న: మీ దగ్గర సాయంత్రం ఎంత, తెల్లవారుజామున ఎంత, తేడా ఎందుకు వచ్చింది? తుమ్మలపెంట వైపు గుంట మీద ఉన్న అబ్బాయి సాయంత్రం 7.8, తెల్లవారుజామున 3.4 (లీటరు నీళ్లకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క) అని రాశాడు. ఏరియేటర్లు ఎన్ని తిరుగుతున్నాయో కూడా రాశాడు. ఇంకొకడు మబ్బు పట్టిన రోజు కొలిచాడు, వాడికి సాయంత్రమే తక్కువ వచ్చింది. హేచరీలో ఉన్న ఒక అమ్మాయి మాత్రం అందరికన్నా ఆఖర్న, అర్ధరాత్రి దాటాక రాసింది. "మేడమ్, మా ట్యాంకుల్లో తేడా రాలేదు. మూడుసార్లు కొలిచాను. నాదే తప్పేమో, కానీ వచ్చింది ఇదే" అని.

ఆ అమ్మాయిది తప్పు కాదు. హేచరీ ట్యాంకు షెడ్డు లోపల ఉంటుంది. గుంటలో ఉన్నంత నాచు అక్కడ ఉండదు. బ్లోయర్ గాలి రాత్రీ పగలూ ఆగకుండా వస్తుంది. తేడా ఎందుకుంటుంది? నేను వెంటనే జవాబివ్వలేదు. చేయి ఆపుకుని కూర్చున్నాను, నిజంగా కష్టమైంది. ఆరు గంటల తర్వాత తుమ్మలపెంట అబ్బాయి రాశాడు: "మీ ట్యాంకు నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? మావి పచ్చగా ఉంటాయి." ఆ ఒక్క వాక్యంతో చర్చ మొత్తం తెరుచుకుంది. నాచు ఉన్న చోటే తేడా ఉంటుందని వాళ్లే తేల్చారు. బోర్డు మీద గ్రాఫు గీసి పదిహేను నిమిషాల్లో నేను చెప్పేసిన ఏళ్లన్నిట్లో ఒక్కరు కూడా నన్ను ఆ రంగు ప్రశ్న అడగలేదు.

ఆ అమ్మాయికి ముందే మిగతావాళ్ల అంకెలు కనిపించి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. తన అంకె దిద్దుకుని ఉండేది. అందుకే ఈ చర్చ రకం ఒక్కటి ఉన్నా చాలు, నేను మూడుల్‌నే ఎంచుకుంటాను.

వీడియోల పొడవు గురించి ఒక మాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల సార్లు పిల్లలు వీడియోలు చూసిన లెక్కల్ని ఫిలిప్ గువో బృందం పరిశీలించి 2014లో ప్రచురించింది. వీడియో ఎంత పొడుగున్నా, పిల్లలు చూసిన సమయం మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యన వచ్చే అంకె) ఆరు నిమిషాలకి మించలేదు. అది చదివిన రోజు నా పాత నలభై అయిదు నిమిషాల వీడియోలన్నీ తీసేశాను. ఇప్పుడు నావి మూడు నుంచి ఆరు నిమిషాలే. ఒక్కో వీడియోలో ఒకే పని. మూడుల్‌లోకి నేరుగా ఎక్కించొద్దు, సర్వర్ నిండిపోతుంది. యూట్యూబ్‌లో లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టి, ఆ లింకు మూడుల్‌లో అతికించండి.

సిగ్నల్ సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. గుంటల మీద సిగ్నల్ సరిగ్గా ఉండదు. "కట్ట మీదికొస్తే వస్తాది మేడమ్, షెడ్లో రాదు" అంటారు పిల్లలు. మూడుల్ ఫోన్ యాప్‌లో వారం పాఠాన్ని ముందే దించుకోవచ్చు. చర్చకి జవాబు సిగ్నల్ లేకుండానే రాసి ఉంచితే, సిగ్నల్ దొరికినప్పుడు అదే వెళుతుంది. క్విజ్‌ని కూడా అలా రాయవచ్చు, కానీ క్విజ్ సెట్టింగుల్లో యాప్‌లో ఆఫ్‌లైన్‌గా రాయనివ్వు అన్న దాన్ని మనం ఆన్ చేయాలి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. మొదటి బ్యాచ్‌లో నేను చూసుకోలేదు. పిల్లలు కట్ట మీద నిలబడి, దోమలు కుడుతుంటే క్విజ్ రాశారని తర్వాత తెలిసింది. ఆ తప్పు నాది. యూట్యూబ్ వీడియో మాత్రం ఇలా దిగదు. అందుకని ప్రతి వీడియోకి బొమ్మలతో ఒక పేజీ నోట్సు తోడు పెడుతున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను. అసైన్‌మెంట్‌కి మూడుల్‌లో రెండు తేదీలుంటాయి. ఒకటి ఇవ్వాల్సిన తేదీ. అది దాటినా తీసుకుంటుంది, ఆలస్యమైందని గుర్తు వేస్తుంది. రెండోది కటాఫ్, అది దాటితే ఇక తలుపు మూసేసినట్టే. నేను రెండూ ఒకటే పెట్టాను. ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. పదకొండు మంది పని ఆగిపోయింది. వాళ్లలో ఇద్దరు ఆ రాత్రంతా జనరేటర్ దగ్గర ఉన్నారు, గుంట కాపాడుకోవడానికి. ఇప్పుడు కటాఫ్‌ని వారం తర్వాతికి పెడుతున్నాను. అలాగే, ఈ వారం క్విజ్ పూర్తయితేనే వచ్చే వారం తెరుచుకోవాలి అని తాళం వేసే సౌకర్యం ఉంది. క్లాసులో కూర్చునే పిల్లలకి అది పనికొస్తుందేమో. గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో మూడు రోజులు ఫోన్ ముట్టని పిల్లలకి అది శిక్ష. తీసేశాను.

మొదటి వారానికి ముందు సున్నా వారం అని ఒకటి పెట్టుకున్నాను. బ్రిటన్‌కి చెందిన గిల్లీ సామన్ ఆన్‌లైన్ చదువుకి ఐదు మెట్లు చెబుతారు. మొదటి మెట్టు లోపలికి రావడం, రెండోది ఒకరినొకరు పలకరించుకోవడం. పాఠం సంగతి ఆ తర్వాతే. నేను మొదటి బ్యాచ్‌కి ఈ రెండు మెట్లూ ఎక్కించకుండానే నేరుగా నీళ్ల పరీక్షలు పెట్టాను. చాలామంది పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయారు. అడగడానికి సిగ్గు. రెండో బ్యాచ్‌కి సున్నా వారంలో పని ఒక్కటే: మీరు పడుకునే చోటి నుంచి కనిపించే దృశ్యం ఫోటో తీసి పెట్టి, అక్కడ మీకు నచ్చింది ఒక్క మాటలో రాయండి. గుంటల మీద సూర్యోదయాలు, మేత బస్తాల మీద పడుకున్న కుక్క, హేచరీ మెట్ల మీద చెప్పులు, ఇలాంటివి వచ్చాయి. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే ముందే కాలేజీ ల్యాబ్‌లో అందరి ఫోన్లలో యాప్ పెట్టించి, అందరూ లాగిన్ అయ్యేదాకా బయటికి పంపలేదు. ఆ బ్యాచ్‌లో ఎనిమిది వారాలూ దాదాపు అందరూ నిలిచారు.

క్విజ్‌లో నాకు నచ్చింది, తప్పు జవాబుకి కూడా విడిగా వివరణ రాయగలగడం. పిల్లవాడు తప్పు ఎంచుకుంటే, అక్కడ ఎందుకు పొరబడ్డాడో చెప్పే రెండు వాక్యాలు వస్తాయి. మళ్లీ ప్రయత్నించవచ్చు. ఉదాహరణకి, మధ్యాహ్నం నీళ్ల పీహెచ్ ఎందుకు పెరుగుతుంది అన్న ప్రశ్నకి చాలామంది మేత వల్ల అని ఎంచుకుంటారు. అప్పుడు వచ్చే వివరణ: "మేత కుళ్లితే పీహెచ్ తగ్గే వైపు వెళుతుంది. పగలు నాచు నీళ్లలోంచి ఏం తీసుకుంటుందో ఆలోచించు." తర్వాత వాళ్లే కార్బన్ డయాక్సైడ్ దాకా వస్తారు. ఒక్కో ప్రశ్నకి నాలుగు వివరణలు రాయాలంటే టైం పడుతుంది. మా సబ్జెక్టులో ఇంకో లెక్చరర్‌తో సగం సగం పంచుకున్నాం. తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు, చర్చల్లో పిల్లలు ఇష్టంగా తెలుగులోనే రాస్తారు.

కష్టమైన వైపు కూడా చెప్పాలి. మూడుల్‌లో సెట్టింగులు చాలా ఎక్కువ. ఒక్క క్విజ్ పేజీ కిందికి జరుపుతూ పోతే అంతు కనిపించదు. మార్కుల పుస్తకం ఇంకా చిక్కు, దేనికెంత వెయిటేజి అని పెట్టడంలో తలనొప్పి వస్తుంది. నా సలహా, మొదటి సెమిస్టర్‌కి దాన్ని ముట్టొద్దు, మార్కులు ఎక్సెల్‌లో వేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ దాన్ని నిలబెట్టే మనిషి కావాలి. సర్వర్ అద్దె, అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఎవరో ఒకరు చూసుకోవాలి. మా కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సార్ ఒకరు ఇష్టపడి చేస్తున్నారు. అద్దె మా డిపార్ట్‌మెంట్ వాళ్లం కలిసి వేసుకుంటున్నాం. కాలేజీ ఆ ఖర్చు తీసుకోవాలని అడిగాం. మాస్టార్ల జేబుల మీద నడిచే ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవదు. అలాంటి మనిషి లేని కాలేజీలు సొంత సర్వర్ జోలికి పోకుండా, యూనివర్సిటీ స్థాయిలో ఒకటే పెట్టించి అందరూ వాడుకునేలా అడగడం మేలు.

మాస్టారి టైం గురించి కూడా నిజం చెప్పాలి. ఆన్‌లైన్ అంటే పని తగ్గుతుందని మేనేజ్‌మెంట్లు అనుకుంటాయి. నాకు రోజూ ఉదయం అరగంట, రాత్రి అరగంట చర్చలకే పోతుంది. ఎవరు ఏ పని పూర్తి చేశారో చూపించే పట్టిక ఒకటుంది. శుక్రవారం సాయంత్రం దాన్ని చూసి, రెండు వారాలు కనిపించని పిల్లలకి ఫోన్ చేస్తాను. ఒకసారి అలా చేస్తే, వాళ్ల నాన్నకి ఒంట్లో బాగాలేదని, గుంట తనే చూసుకుంటున్నానని ఒక అబ్బాయి చెప్పాడు. పట్టికలో కనిపించింది ఖాళీ గడి. మిగతాది ఫోన్ చేస్తేనే తెలిసింది. ఈ గంటల్ని వర్క్‌లోడ్‌లో లెక్కించాలి. లెక్కించకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా రెండో ఏడాదికి పీడీఎఫ్‌ల గోడౌన్ అయిపోతుంది.

కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ఉండగా ఇదెందుకు అని మా సహోద్యోగులు అడిగారు. స్వయం 2017 నుంచి ఉంది, అందులో మంచి కోర్సులున్నాయి. నేనే కొన్ని చేశాను. వీడియో, చదువుకునే నోట్సు, సొంతంగా పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చ అని నాలుగు భాగాలతో కోర్సు ఉండాలన్న వాళ్ల పద్ధతి చూసే నేను నా ప్లానుకి ధైర్యం తెచ్చుకున్నాను. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు కూడా. జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ లాంటివి అక్కడ చదవమని పిల్లలకి నేనే చెబుతాను. కానీ దేశమంతటికీ తయారైన కోర్సులో తుమ్మలపెంట గుంట నీళ్ల రంగు గురించి మాట్లాడుకునే చోటు ఉండదు. ఆ చోటు మాకు కావాలి. రెండూ ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డు రావు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొత్తం సిలబస్ ఎక్కించాలని చూడకండి. ఒక్క యూనిట్ తీసుకోండి. మూడు వారాలు. ఒక ప్రశ్న, జవాబు చర్చ, ఒక అసైన్‌మెంట్, ఒక చిన్న క్విజ్ చాలు.  నీళ్ల పరీక్షల ఎనిమిది వారాల కోర్సుని బ్యాకప్ ఫైలుగా పెట్టి ఉంచాను. ప్రశ్నలు, తప్పు జవాబుల వివరణలు, సున్నా వారంతో సహా అన్నీ అందులో ఉన్నాయి. పిల్లల పేర్లు, జవాబులు మాత్రం తీసేశాను. ఒంగోలు, సింగరాయకొండ, గూడూరు వైపు ఆక్వాకల్చర్ చెప్పే మాస్టార్లు ఎవరైనా అడిగితే పంపిస్తాను. మీ పిల్లలు కొలిచిన అంకెలు నాకు పంపితే చాలు. ఉప్పు ఎక్కువ ఉన్న గుంటల్లో తెల్లవారుజాము ఆక్సిజన్ ఎంత పడుతుందో మా పిల్లలకి చూపించాలని ఉంది.